నడిరోడ్డు మీద హన్నా మేడమ్

హన్నా మేడమ్ కాలు విరిగింది రోడ్డు మీద కాదు, రోడ్డు భద్రతా వారోత్సవాల వేదిక మీద.

ఆవిడ మా కాలనీ మనిషే. నగరంలో రోడ్ల పనులు చూసే ఒక కార్యాలయంలో ఇంజినీరు. సుబేదారి దాటాక వచ్చే పాలకేంద్రం చౌరస్తాలో నడిచేవాళ్ల కోసం సిగ్నల్ పెట్టించినందుకు ఆ రోజు ఆవిడకు సన్మానం జరిగింది. మెడలో దండ, భుజాన శాలువా, ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో జ్ఞాపిక. ఇన్నిటి మధ్య నుంచి కాళ్ల కింద ఏముందో ఎవరికి కనబడుతుంది? వేదికకు మూడు మెట్లుండాలి. ఆఖరి మెట్టును వంటవాళ్లు కూర్చుని ఉల్లిగడ్డలు కోసుకోవడానికి పట్టుకుపోయారు. లేని మెట్టు మీద కాలు వేసింది ఆవిడ. చీలమండ దగ్గర ఎముక విరిగింది. జ్ఞాపిక మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద బంగారు అక్షరాలతో ‘నడిచేవారి నేస్తం’ అని రాసుంది.

నిజం చెప్పాలంటే హన్నా మేడమ్ నడిచి ఇరవై ఏళ్లు దాటింది. పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్‌లో. తండ్రి ఆనందరావు గారు బడిపంతులు. కూతుర్ని నర్సును చేయాలని ఆయన కోరిక. ఆమె మాత్రం ఇంటి వెనక వానకాలువకు రాళ్లు పేర్చి వంతెనలు కట్టేది. ఆ పిచ్చే చివరకు సివిల్ ఇంజినీరింగ్ దాకా తీసుకొచ్చింది. చిన్నప్పుడు బడికి, చర్చికి, చుట్టాల ఇళ్లకు నడిచే పోయేది. ఉద్యోగం వచ్చాక స్కూటీ, తర్వాత ఆఫీసు జీపు, ఆ తర్వాత సొంత కారు. ఇక చర్చి ఆవరణలో గేటు నుంచి బెంచీ దాకా నడవడమే నడక. గీసిన రోడ్లు మాత్రం లెక్కలేనన్ని. గీసేటప్పుడు రోడ్డు ఎప్పుడూ పైనుంచే కనబడుతుంది. పక్షులకూ ఇంజినీర్లకూ రోడ్డు దాటే అవసరం రాదు.

ఆవిడ భర్త శాంసన్ కాజీపేటలో గూడ్స్ రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. బతుకంతా పచ్చజెండా ఊపిన మనిషికి రోడ్డంటే ప్రాణభయం. “రైలును నమ్మచ్చు, అది పట్టా విడిచి నీ దిక్కు రాదు. ఈ మోటర్ సైకిల్‌గాండ్లకు పట్టాలు లేవు” అంటాడు.

సిమెంటు కట్టు విప్పాక డాక్టరు, ఇక కూర్చోవద్దు, రోజూ ఫిజియోథెరపీకి నడిచి పొమ్మన్నాడు. ఆ కేంద్రం వాళ్ల ఇంటికి ఎదురుగానే ఉంది. మధ్యలో పాలకేంద్రం చౌరస్తా, అంతే.

“ఆటో మాట్లాడనా?” అన్నాడు శాంసన్.

“ఎదురుంగ కనబడుతాంది. ఆటో ఎక్కితే యూటర్న్ కోసం ఊరంత తిప్పుతడు. ఆ సిగ్నల్ నేను పెట్టించిందే. నడువుండ్రి” అంది హన్నా, చేతికర్ర తీసుకుని.

చౌరస్తాకొచ్చారు. స్తంభానికి ఒక పెట్టె, ఆ పెట్టెకు ఒక మీట ఉండాలి. నొక్కితే వాహనాలకు ఎర్రదీపం, మనుషులకు ఆకుపచ్చ బొమ్మ రావాలి. కానీ మీట ఉండాల్సిన చోట ఉల్లిగడ్డల సంచి వేలాడుతోంది. పక్కనే మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న వరలక్ష్మిది ఆ సంచి.

“ఇది ఇక్కడెందుకు తగిలించినవ్?” అని అడిగింది హన్నా.

“సంచి తగిలియ్యనీకే పెట్టిండ్రనుకున్న అక్కా. మంచిగ ఎత్తు మీద పెట్టిండ్రు, కుక్కలకు అందదు” అంది వరలక్ష్మి సంచి తీస్తూ.

హన్నా మీట నొక్కింది. కొంచెంసేపటికి ఆకుపచ్చ బొమ్మ వెలిగింది. తను గీసిన కాగితం అలా దీపమై వెలిగితే ఆవిడకు ఎంత గర్వమో! “చూసిండ్రా?” అని భర్త వైపు ఒక చూపు చూసి, రోడ్డు మీద కాలు పెట్టింది. శాంసన్ ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

సగం దూరం పోయారో లేదో, సమయం అయిపోవస్తోందని బొమ్మ పరుగెత్తడం మొదలుపెట్టింది. బొమ్మకు కాలు విరగలేదు మరి. సిగ్నల్‌కు సమయం కట్టేటప్పుడు హన్నా ఇంజినీరింగు పుస్తకంలో ఉన్న నడక వేగం తీసుకుంది. తర్వాత, బండ్లు చాలాసేపు ఆగాల్సి వస్తోందని ఫిర్యాదులొస్తే అందులోంచి మళ్లీ కొంత కోసింది. అప్పుడు కోసిన ముక్కలోనే ఇప్పుడు ఆవిడ నిలబడి ఉంది.

బొమ్మ ఎర్రబడింది. ఎర్రదీపం చూస్తే ఆగడం శాంసన్‌కు సర్వీసంతా అలవాటే కదా, ఆగాడా అంటే, ఆగలేదు. పరుగెత్తాడు. అవతలి గట్టు ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే భార్య నడిరోడ్డు మీద ఉంది.

“హన్నా! కదలకు! నేనున్న!”

“యాడున్నరు?”

“ఈడ!”

ముందు నుంచి బైకులు, వెనక నుంచి ఆటోలు. తెల్లగీత మీద నిలబడి హన్నా చేతికర్ర పైకెత్తింది. అవతల శాంసన్ జేబులోంచి ఎర్ర దస్తీ తీసి, ఆగని గూడ్స్ బండిని ఆపుతున్నట్టు ఊపుతున్నాడు. ఒక బస్సు కీచుమని ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టి, “అమ్మా, ఎటువోతవో జర తేల్చుకో” అన్నాడు.

ముందుకా, వెనక్కా ఆవిడకు తేలడం లేదు. బస్సు వెనక బస్సు, దాని వెనక లారీ, రెండు వైపులా హారన్లు. ఆ మోతకు టీకొట్టులోంచి రాజమల్లు బయటకొచ్చాడు. సిమెంటు దుకాణం ఆయనది. దానికంటే ముఖ్యంగా, పాలకేంద్రం చౌరస్తా ప్రజా ఐక్య వేదికకు వ్యవస్థాపక అధ్యక్షుడు. రోడ్డు మీద మనిషి నిలబడి, కర్ర ఎత్తి, బస్సు ఆపితే దాన్ని ఏమంటారో ఆయనకు బాగా తెలుసు. వెంట టీ తాగుతున్న నలుగురినీ తీసుకొచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

“ఏం డిమాండ్ మేడమ్?”

“డిమాండ్ ఏం లేదు. రోడ్డు దాటుతాన, గంతే.”

“దాటే హక్కు!” అని అరిచాడు రాజమల్లు, పిడికిలెత్తి.

“కావాలె, కావాలె!” అన్నారు నలుగురూ.

“అయ్యో, నన్ను ఆ గట్టు మీదికి ఎక్కియ్యండి చాలు” అంది హన్నా. ఆ మాట నినాదాల్లో కలిసిపోయింది. ఆమె అడిగిన పని చివరకు వరలక్ష్మి చేసింది. బజ్జీల జల్లిగంటె చేతపట్టుకుని వచ్చి, దాన్ని బైకుల మొహాన ఆడిస్తూ, వేడి నూనె చుక్కలకు అందరూ వెనక్కి జంకుతుంటే, ఆవిడను అవతలి గట్టుకు చేర్చింది.

తెల్లారి పేపర్లో ఫొటో. ‘తన సిగ్నల్‌పై తానే సమరం: నడిరోడ్డుపై మహిళా ఇంజినీరు బైఠాయింపు.’ ఫొటోలో ఆవిడ నిలబడే ఉంది. వార్తలో మాత్రం బైఠాయించింది.

పై అధికారి చంద్రమౌళి ఆవిడను పిలిపించాడు. ఆయన భయస్తుడు కానీ చెడ్డవాడు కాదు.

“హన్నమ్మా, సర్వీసుల ఉండి ధర్నానా?”

“ధర్నా కాదు సార్. ఇరుక్కపోయిన.”

“దేంట్ల?”

“మన సిగ్నల్ల.”

చంద్రమౌళి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ధర్నా అంటే నీ తప్పంటరు. ఇరుక్కపోయిన అంటే సిగ్నల్ తప్పంటరు. దానికి మనం సన్మానం గూడ చేసినం. ఏదంటే బాగుంటది?”

“సిగ్నల్ తప్పే సార్. గీసింది నేనే. నేనే మారుస్త.”

“మార్చు. గని మార్చినంక చెప్పు. మార్చకముందు చెప్పకు.”

పేపరు వార్త ఆవిడను అంతగా బాధపెట్టలేదు. బాధపెట్టింది వేరే. ఆ తెల్లగీత మీద ఎటూ పోలేక నిలబడ్డప్పుడు అటుపక్క గట్టు మీద ఒక ముసలమ్మ కనిపించింది. నెత్తిన మూట, చేతిలో దవాఖాన చిట్టీ. ఆమె హన్నా వైపు జాలిగా కూడా చూడలేదు. తన వంతు ఎప్పుడొస్తుందా అన్నట్టు చూసింది. పాలకుర్తి వైపు నుంచి వచ్చి, బస్సు దిగి దవాఖానకు పోయే ప్రతి మనిషికీ ఇది రోజూ ఉండే పనే. దీనికా నాకు శాలువా కప్పారు అనుకుంది హన్నా. ఆ రాత్రి అన్నం సయించలేదు. శాంసన్‌కు కూడా సయించలేదు. “నిన్ను ఇడిసిపెట్టి ఉరికిన” అని వారం రోజులు ఆవిడ బట్టలు ఆయనే ఉతికాడు, ఎవరూ అడగకుండానే.

మర్నాటి నుంచి హన్నా మేడమ్ ఫిజియోథెరపీ అయ్యాక వరలక్ష్మి బండి దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆఫీసులో మెడికల్ లీవు, ఇక్కడ డ్యూటీ. జనం ఎలా దాటుతున్నారో చూసేది.

మీట ఎవరూ నొక్కరు. ఆడవాళ్లు అరచెయ్యి ముందుకు చాచి, దాన్ని నమ్ముకుని దిగుతారు. మగవాళ్లు ఫోను చెవిన పెట్టుకుని, ఫోన్లో ఉన్నవాడికి తన కష్టం వినబడుతుందన్న ధీమాతో దిగుతారు. ముసలివాళ్లు లావుపాటి మనిషి వచ్చేదాకా ఆగి, ఆయన నీడలో ఐదారుగురు గుంపుగా దాటుతారు. ఆ లావుపాటాయనకు తన వెనక ఇంత సంసారం ఉందని తెలియదు. ఒక రోజు ఇద్దరు కూలీలు అద్దాల బీరువా మోసుకుంటూ దాటారు. అన్ని బండ్లూ ఆగాయి, నడిపేవాళ్లు ఎవరి మొహం వాళ్లు చూసుకోవడానికి. ఒక్క విషయం మాత్రం అందరిలోనూ ఒకటే. ఎవరూ రోడ్డును ఒక్కసారిగా దాటరు. సగం దాటి గీత మీద ఆగి, ఊపిరి బిగబట్టి, మిగతా సగం దాటుతారు. ఆ ఆగే చోటు కాగితం మీద లేదు.

“అక్కా, గింత ఆలోచనెందుకు? ఇటు ఒక బర్రె, అటు ఒక బర్రె కట్టెయ్యి. బర్రె కనబడితే లారీ గూడ ఆగుతది” అని సలహా ఇచ్చింది వరలక్ష్మి.

“ఎస్టిమేట్ల బర్రెలకు కాలమ్ లేదు వరలక్ష్మీ.”

“గోడ రాసే కాలమ్ల బర్రె రాయి. ఎవడు చూస్తడు?”

“బర్రె నిలబడదు, పోతది.”

“మనుషులు నిలబడుతాండ్రా?” అంది వరలక్ష్మి, పిండిలో మిరపకాయ ముంచుతూ. ఇంకొంచెంసేపటికి వాదన బర్రెలకు మేత ఎవరు వేయాలన్న దాకా పోయింది. ఎటూ తేలలేదు.

ఇంటికి పోతూ హన్నా నవ్వుకుంది గానీ, తర్వాత ఆలోచించింది. డ్రైవరు బర్రెను చూసి ఆగేది దయతో కాదు, బండి పాడవుతుందని. అయితే బండికి భయం పుట్టాలి. దాటే చోట రోడ్డునే కొంచెం ఎత్తు చేస్తే? వేగంగా వస్తే బండి పొట్ట నేలకు కొట్టుకుంటుంది. పైగా మనిషి దిగి ఎక్కే పని ఉండదు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒకే మట్టం. మధ్యలో ఆగేందుకు ఒక చిన్న ద్వీపం. ఆకుపచ్చ బొమ్మకు తన చేతికర్ర నడకంత సమయం. పుస్తకంలో ఉన్నవే ఇవన్నీ. పుస్తకంలో చివరి పేజీల్లో ఉన్నాయి, ఆవిడ మొదటి పేజీల దగ్గరే ఆగిపోయింది.

ముందు ఇసుక బస్తాలు పేర్చి నమూనా చూద్దామంటే చంద్రమౌళి ఒప్పుకున్నాడు. పొద్దున రోడ్డు మధ్యలో బస్తాల ద్వీపం లేచింది. జనం ఒక రోజు అనుమానంగా చూసి, రెండో రోజు నుంచి ఎప్పటి నుంచో ఉన్నట్టే వాడుకున్నారు. హన్నా పట్టలేని సంతోషంతో స్టూలు మీద కూర్చుంటే రాజమల్లు వచ్చాడు.

“మేడమ్, మంచి జాగ తీసిండ్రు. మన పోరాటానికి ఫలితం.”

“సంతోషం.”

“దీని మీద ఒక విగ్రహం పెడుదాం.”

హన్నాకు నవ్వు ఆగిపోయింది. మన దగ్గర రోడ్డు మధ్యలో గుండ్రంగా గజం జాగా కనబడితే అది ఎవరో ఒకరి విగ్రహం కోసమే పుట్టిందని అర్థం. ఆ సాయంత్రానికి ఇంకో రెండు సంఘాలు కూడా బస్తాల మీద జెండాలు పాతాయి. రాజమల్లు తొందరపడ్డాడు.

“మాదే ముందు మేడమ్. విగ్రహం తయారై గోదాంల ఉంది. జాగ ఒక్కటే తక్కువ.”

“ఎవరి విగ్రహం?”

రాజమల్లు కాలి బొటనవేలితో నేల గీకాడు. “వేదిక వ్యవస్థాపక అధ్యక్షుడిది.”

“అంటే?”

“నాదే.”

“బతికుండంగనేనా!”

“పోయినంక పెట్టేటోడు దొరుకుతడో లేదో మేడమ్. కొడుకుల మీద నాకు నమ్మకం లేదు.”

ఆ మాట ఆయన నిజంగానే దిగులుగా అన్నాడు. హన్నా కర్ర తీసుకుని లేచింది. ఇంటికెళ్లి కాగితం ముందు కూర్చుంది. ద్వీపం ఉండాలి, దాని మీద విగ్రహం పట్టకూడదు. మనిషి నిలబడాలి, గద్దె నిలబడకూడదు. శాంసన్ చాయ్ పెట్టి తెచ్చాడు. ఆవిడ ద్వీపాన్ని మధ్యకు కోసి, కోసిన సందులోంచి, ఎత్తు చేసిన రోడ్డు మట్టానికే ఒక బాట గీసింది. గీస్తూ గీస్తూ ఆ బాటను ఏటవాలుగా తిప్పింది. అప్పుడు మిగిలినవి అటొక ముక్కోణం, ఇటొక ముక్కోణం. చెప్పుల జత పెట్టుకోవచ్చు, అధ్యక్షుణ్ణి పెట్టలేం. చూస్తే ఇంకో లాభం కూడా కనబడింది. ఏటవాలు బాటలో నడిచే మనిషి మొహం తనంతట తానే వచ్చే బండ్ల వైపు తిరుగుతుంది.

పని పూర్తయ్యాక చంద్రమౌళి తనిఖీకొచ్చాడు. కారు దిగి, మీట నొక్కి, ఇటునుంచి నడిచి ద్వీపంలో ఆగాడు.

“బాట ఎందుకు వంకర పెట్టినవ్? నేరుగ పెడితే అయిపోతుండె గద.”

“ఇప్పుడు మీ మొహం ఎటుంది సార్?”

“వచ్చే బండ్ల దిక్కు.”

“అందుకే సార్. ఇంకోటి, విగ్రహం పట్టదు.”

చంద్రమౌళి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “ఆ రెండోదే అసలు సంగతి. ఫైల్ల మొదటిది రాయి.” తర్వాత అవతలికి దాటాడు. మళ్లీ ఇవతలికి దాటాడు. మూడోసారి దాటుతుంటే డ్రైవరు, “సార్, మీటింగుకు టైమైతాంది” అని గుర్తుచేయాల్సి వచ్చింది. ఆయన కూడా రోడ్డు మీద నడిచి చాలా కాలమైనట్టుంది.

రాజమల్లు టేపు తెచ్చి ముక్కోణాలు కొలుచుకుని చూసి, నిట్టూర్చి వెళ్లిపోయాడు. విగ్రహాన్ని తన సిమెంటు దుకాణం ముందు పెట్టుకున్నాడు. కొత్తగా వచ్చిన కొనుగోలుదారులు ముందు దానికే నమస్కారం పెట్టి, ధర అడిగి, జవాబు రాకపోతే లోపలికి పోతారు. ఆయనకు అది బాగానే ఉంది.

ప్రారంభోత్సవం నాడు ఇంకో తమాషా. దాటే బాటకు అడ్డంగా రిబ్బను కట్టారు. ముఖ్య అతిథి ఆలస్యం చేశాడు. జనానికి దవాఖానలు, బడులు, బస్సులు ఉన్నాయి కదా, రిబ్బను కింద నుంచి వంగి దాటిపోతున్నారు. ఒకావిడ రిబ్బను కాస్త పైకెత్తి పట్టుకుని అత్తగారిని పంపించింది. చివరకు అతిథి కారు వచ్చి సరిగ్గా ఆ బాట మీదే ఆగింది.

హన్నా కర్ర తాటించుకుంటూ వెళ్లి అద్దం మీద తట్టింది. “గీతల మీద నుంచి తియ్యుండ్రి.”

చంద్రమౌళి ఆకాశంలోకి చూడడం మొదలుపెట్టాడు. కారు అద్దం దిగింది. అతిథి ఆవిడను, ఆవిడ కర్రను చూశాడు. పేపర్లో ఫొటో గుర్తొచ్చిందేమో, డ్రైవరుతో గబగబా, “తీయ్, తీయ్, ఈ అమ్మ బైఠాయిస్తది” అన్నాడు. కారు వెనక్కి పోయింది. రిబ్బను తెగింది. చప్పట్లు కొట్టారు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. ఇప్పటికీ బైకులవాళ్లు బొమ్మ పచ్చగా ఉండగానే దూసుకొస్తారు. కొందరు ద్వీపంలోని బాటలోంచే బండి పోనిస్తుంటే హన్నా అక్కడ ఇనుప గుంజలు పాతించింది. అయినా బస్సులు ఎత్తు దగ్గర వేగం తగ్గిస్తాయి. ఆ తగ్గిన వేగంలోనే ముసలివాళ్లు దాటేస్తారు. లావుపాటాయన కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. హన్నా కారు ఇప్పుడు ఎక్కువగా శాంసన్ తుడవడానికే పనికొస్తోంది. ఆవిడ ఆఫీసుకు నడిచే పోతుంది, కొంచెం కుంటుతూ.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం ఆవిడ దాటుతూ ద్వీపంలో ఆగింది. పక్కన ధోవతి కట్టుకున్న ఒక పెద్దాయన ఆగాడు. భుజాన గొడుగు, చేతిలో అరటిపండ్ల కవరు. దవాఖానలో మనవరాలు ప్రసవించిందట. రెండు వైపులా బండ్లు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. ఆయన తీరిగ్గా గుంజకు ఆనుకున్నాడు.

“ఎవడు కట్టిండో గని, జర ఊపిరి తీసుకోనిచ్చిండు” అన్నాడు.

హన్నాకు దాచుకోవాలని ఏమీ అనిపించలేదు. “ఎవడో కాదు తాతా, నేనే కట్టించిన.”

పెద్దాయన ఆవిడను పై నుంచి కింది దాకా చూశాడు. తడిసిన చీర, కుంటి కాలు, చేతిలో కర్ర.

“నువ్వా? నీకే మంచిగ నడువస్తలేదు గద బిడ్డా” అన్నాడు జాలిగా. బొమ్మ పచ్చబడింది. ఆయన గొడుగు ఆవిడ మీదికి వంచి, మణికట్టు గట్టిగా పట్టుకుని, “ఫికర్ చెయ్యకు, నేనున్న గద, మెల్లగ రా” అంటూ అవతలి గట్టుకు దాటించాడు.